బోణీ కాకముందే

ఆదోని బస్టాండు దగ్గర మాది ఉగ్గాని, బజ్జీల బండి. మా అత్త పెట్టిన బండి. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి పొయ్యి నాది, గల్లాపెట్టె ఆమెది. బొరుగులు నానబెట్టి పిండుతుంటాను, పోపులో కలుపుతుంటాను, మిరపకాయలు శనగపిండిలో ముంచి నూనెలో వదులుతుంటాను. వచ్చేవాళ్లందరికీ తొందరే. "బిన్నా ఇయ్యక్కా, ఎమ్మిగనూరు బస్సు పోతాది!" ఈ మాట వినని పూట లేదు.

అత్త నియమం ఒకటుంది. బోణీ కాకముందు బండి వాళ్లు ఎంగిలి పడకూడదు. బోణీ అయ్యాక తినొచ్చు కదా అంటారు. బోణీ అయ్యాక ఊపిరి పీల్చే తీరిక కూడా ఉండదు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక, చల్లారి మెత్తబడ్డ బజ్జీలు ఇద్దరం నిలబడే మింగేవాళ్లం.

మొన్న చలికాలంలో ఒక పొద్దున మొదటి వాయి తీస్తుంటే ఒకాయన అడిగాడు.

"వేడిమీద శానా కారముంటాయా అక్కా?"

చెప్పబోయి ఆగిపోయాను. నాకు తెలియదు. బజ్జీలు వేసేదాన్ని నేనే, వేడి బజ్జీ ఎలా ఉంటుందో నాకే తెలియదు! ఒళ్లు మండిపోయింది. ప్లేటులో ఉగ్గాని పెట్టుకున్నాను, పైన రెండు బజ్జీలు వేసుకున్నాను, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఏయ్, ఇంగా బోణీ కాల్యా! లచ్చిమి ఎల్లిపోతాది!" అత్త కేక పెట్టింది.

"పోతే పోనీ అత్తా. నేను తిన్నాకనే బోణీ."

"అక్కా, బస్సు..." అన్నాడాయన.

"ఇంగో బస్సు వస్తాది. కూసోప్పా."

బజ్జీ కరకరలాడింది. నాలుక కాలింది, ముక్కు కారింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయన మాత్రం ఎదురు బండికి వెళ్లిపోయాడు. ఆయన వెనకాలే ఇంకొందరు.

"రేపు గూడా ఇట్లే సేస్తే బండి దిగు. పొయ్యికాడ నేనే నిలబడతా" అంది అత్త. ఆ పొయ్యి తప్ప నాకు వేరే పని రాదు. భయం వేసింది. అయినా మర్నాడూ కూర్చున్నాను. ఆ తర్వాతా కూర్చున్నాను. అత్త నన్ను దించలేదు, నాతో మాట్లాడనూ లేదు.

ఒకరోజు బోణీ కాకముందే అత్తకని రెండో ప్లేటు పెట్టి గల్లాపెట్టె మూత మీద ఉంచాను. అది తీస్తే గానీ పెట్టె తెరుచుకోదు. అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది. పొగలు కక్కుతున్న బజ్జీ తీసుకుని కొరికింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అబ్బబ్బా, ఇంత కారమా! ఇన్నేండ్లు జనానికి నేను పెట్టింది ఇదేనా?"

అంటూనే రెండోది అందుకుంది. ఇంతలో ఒక ఆటో అతను బండి మీద చేత్తో దబదబ కొట్టాడు.

"అవ్వా, బిన్నా ఇయ్యి, టైమైపోతాంది!"

అత్త తల కూడా ఎత్తలేదు.

"తింటాండాను. కనపడల్యా?"