వెనక నుంచి వెళ్ళిన మాట

మా సైకిళ్ళ గుంపులో ఆమెను అందరూ ఆఖరమ్మ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఎప్పుడూ అందరికంటే వెనక తొక్కుతుంది గనక అతుక్కున్న పేరు. వారమంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. తడి దుప్పటిని వేడి రోలర్ల మధ్యకు తోస్తే అవతల అట్టలా బయటికొస్తుంది. ఇన్నేళ్ళ అలవాటున్నా, రోలరు చెయ్యి లాగేసుకుంటుందేమోనని ఆమె ఇప్పటికీ వేళ్ళ కొసలతోనే దుప్పటి అందించి చటుక్కున వెనక్కి జరుగుతుందట. తోటివాళ్ళకు అదో వేడుక.

ఆమె భయాలకు అంతులేదు. కుక్కంటే భయం, ఉరుమంటే భయం, లిఫ్టంటే భయం, తలుపు దానంతటది మూసుకుంటే భయం. అన్నిటికంటే పెద్ద భయం రోడ్డు. ఒకసారి పనికి వెళ్తుంటే ఓ లారీ పక్కనుంచి దూసుకుపోతూ ఆమె కోటు చెయ్యి చింపేసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. అయినా ఆ రోజు నుంచి కార్లు తిరిగే దారిలో ఆమె సైకిలెక్కలేదు. వాళ్ళ బావ, అంటే అక్క మొగుడు, సైకిళ్ళు బాగుచేస్తాడు. ఆయనే "కార్లు రాని దారుంది, రా మరదలా" అని బతిమాలి ఏటి ఒడ్డు కంకర దారికి తీసుకొచ్చాడు.

"కార్లు రాని దారంటే భయం రాని దారనుకున్నానండీ," అని ఒకసారి నాతో అంది. "తీరా వచ్చి చూస్తే అది నాకంటే ముందే వచ్చి కూర్చుంది."

వెనక ఎవరైనా వస్తుంటే ఆమెకు వీపు జలదరిస్తుంది. అందుకే అందరినీ ముందుకు పంపి తను ఆఖరున ఉండేది. అలా భయపడి పట్టుకున్న చోటు కాస్తా ఉద్యోగమైపోయింది. జారిపోయిన చేతి తొడుగులు ఏరడం, గాలి దిగిన ట్యూబుకు అతుకు వెయ్యడం, రొప్పుతూ వెనకబడ్డవాళ్ళకు తోడుండడం ఆమె పని.

"మా మరదలికి ధైర్యం జాస్తి, లోకాన్నంతా ముందుపెట్టుకుని కాపలా కాస్తుంది," అని బావ ఏడిపించేవాడు.

"నీ మొహం! గొయ్యి వస్తే ముందు నువ్వు పడతావు. నేను చూసుకుని పక్కనుంచి పోతా."

దారి గురించి కొంచెం చెప్పాలి. పడవలకు మోటార్లు రాకముందు, ఏటికి ఎదురెళ్ళే పడవలను ఒడ్డున నడుస్తూ తాళ్ళతో లాగేవాళ్ళు. ఆ లాగినవాళ్ళ కాళ్ళే ఈ దారి వేశాయి. పడవలు పోయాయి, లాగేవాళ్ళు పోయారు, దారి మిగిలింది. తరవాతివాళ్ళు దాని మీద కంకర పోసి, రెండు కొసలా ఇనుప స్తంభాలు పాతి, సైకిలు తప్ప మరోటి దూరకుండా చేశారు. ఒక పక్క ఏరు, రెండో పక్క కొండవాలు మీద ద్రాక్షతోటలు. పందిళ్ళ తోటలు కావు, తీగెల్ని ఇనప కమ్మీల మీదికి కట్టి వరసలుగా నిలబెట్టిన తోటలు. వరసకూ వరసకూ మధ్య మనిషి, మహా అయితే ఒక సైకిలు పడుతుంది. నేను చాలా లోయలు తిరిగాను. మనిషి మాట ఇంత తొందరగా చెదిరిపోయే లోయ మరోటి చూడలేదు. ఏటి హోరు ఒకటి, చక్రాల కింద కంకర రేకు మీద వానలా చేసే చప్పుడు ఒకటి.

అందుకే మా గుంపులో మాటను ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. ముందువాళ్ళు "గుంట!" అంటే వెనకవాళ్ళు "గుంట!" అంటారు. అలా ఆఖరమ్మ దాకా వస్తుంది. "ఆగు" కూడా ముందు నుంచే వస్తుంది. వెనక నుంచి ముందుకు వెళ్ళే మాట ఒక్కటే, "సాగు". అందరం చేరాం, కదలండి అని దాని అర్థం. అది ఆఖరమ్మ సొంత మాట. ముందువాళ్ళకు అందగానే గంట కొడతారు.

దారి మధ్యలో ఒకచోట ఏటిని దాటాలి. అక్కడ వంతెన లేదు, చప్టా ఉంది. ఏటికి అడ్డంగా నీళ్ళ మట్టానికి పోసిన సిమెంటు బాట, అంచుల్లో మోకాలెత్తు రాళ్ళు. పాదం తడిసేంత నీరే ఉన్నా సరే, ముందున్నవాళ్ళు చప్టా ఒడ్డున ఆగి, వెనక నుంచి "సాగు" వచ్చాకే దిగాలి. బావ పెట్టిన నియమం ఇది.

వానలు వెలిసిన ఆ ఆదివారం బావ మోకాలు మొరాయించింది. ఆయన గుంపు మధ్యలోకి వచ్చి, ముందు తొక్కే పని ఆఖరమ్మ కూతురికిచ్చాడు. నర్సింగు చదివే పిల్ల, తల్లికి పూర్తిగా ఎదురు స్వభావం. బావ తన చేతులతో బిగించిన కొత్త సైకిలు కూడా ఇచ్చాడు. బయలుదేరే ముందు తల్లి వంగి దాని బ్రేకులు నొక్కి చూస్తోంది.

"అమ్మా! పెదనాన్న చూశాడు, నేను చూశాను, నువ్వు రెండుసార్లు చూశావు. ఇక ఎదురింటి పిల్లి ఒక్కటే మిగిలింది."

"వాగకు. చప్టా దగ్గర నా మాట వచ్చేదాకా చక్రం దించావంటే చూడు."

"సరే తల్లీ, సరే."

లోయ మలుపులో కొండ ముక్కు ఒకటి ఏటిలోకి చొచ్చుకొస్తుంది. ముందువాళ్ళు దాన్ని దాటి చప్టాకు చేరిపోయారు. ఆఖరమ్మా, ఆమెకు ముందు నేనూ, నాకు ముందు మా గుంపులోని పళ్ళ డాక్టరూ ఇంకా ఇవతలే ఉన్నాం. అప్పుడు ఎగువ నుంచి కూత వినబడింది. ఆనకట్ట తలుపులు ఎత్తే ముందు వేసే కూత. కొండ అవతలివాళ్ళకు అది వినబడదు.

ఆఖరమ్మ గభాల్న బ్రేకు నొక్కింది. "ఆగు!" అని అరిచింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నేను అందుకుని "ఆగు!" అన్నాను. డాక్టరు అరిచాడు. మాట మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఊపిరి బిగబట్టి విన్నాం.

గంట మోగింది.

నాకు అర్థం కావడానికి కాస్త పట్టింది. ఆమెకు పట్టలేదు. ఆఖరమ్మ నుంచి "సాగు" తప్ప మరో మాట ఎన్నడూ వినని చెవులు అవి. కంకర చప్పుడులో వాళ్ళకు వినబడింది "గు" ఒక్కటే. ముందున్న ముక్కను అలవాటే అతికించింది. ఏ నోటి దగ్గర మారిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చేతిరాత పుస్తకాలకు నకళ్ళు తీసినవాళ్ళ తప్పుల మీద నేను ఒకప్పుడు చాలా చదివాను. వాళ్ళూ ఇంతే, కళ్ళ ముందున్నది కాక తెలిసిన మాటే రాస్తారు. అక్కడ పాఠం పాడవుతుంది. ఇక్కడ పిల్ల చప్టా మీదికి దిగింది.

ఆఖరమ్మ దారి వదిలేసి, కొండ ముక్కు మీదుగా ద్రాక్ష వరసల్లోకి సైకిలు తిప్పింది. వాలంటే దిగి నడిచే మనిషి, కొమ్మలు మొహానికి కొట్టుకుంటుంటే అవతలి వాలున నిలువునా కిందికి దూసుకుపోయింది. నేనూ డాక్టరూ వెనకే పడుతూ లేస్తూ వెళ్ళాం.

పిల్ల చప్టా నడిమధ్యలో ఉంది. నీళ్ళ రంగు మారిపోయింది. ఎర్రగా, కట్టెలూ ఆకులూ మోసుకుంటూ, చూస్తుండగానే చక్రం ఇరుసు దాకా లేచింది. పిల్ల కంగారుపడి సైకిలు వెనక్కి తిప్పబోయింది. అడ్డం తిరిగిన సైకిలును ప్రవాహం పట్టుకుంది.

"వదిలెయ్! సైకిలొదిలెయ్!" తల్లి అరుపు.

"పెదనాన్నదమ్మా!"

"పోతే పోనీవే తల్లీ, వదిలెయ్!" బావ ఒడ్డు నుంచి అరిచాడు.

పిల్ల వదిలింది. సైకిలు ఒక్కసారి దొర్లి మాయమైంది. పిల్ల అంచు రాయిని కావలించుకుని చతికిలబడింది. నీళ్ళు నడుము దాటాయి. మాలో ఎవరం ముందు కదలాలా అని చూసుకుంటుండగానే ఆఖరమ్మ నీళ్ళలోకి దిగింది. బావ ఆమె బెల్టు పట్టుకున్నాడు, డాక్టరు బావను, నేను డాక్టరును, మిగతావాళ్ళు నన్ను. ఆమె ఒక్కో రాయినీ తడుముకుంటూ, "అమ్మో, అమ్మో" అని పైకే ఏడుస్తూ వెళ్ళింది. ఏడుపు ఆపలేదు, అడుగూ ఆపలేదు. పిల్ల మణికట్టు దొరకగానే మేమంతా వెనక్కి లాగాం.

ఒడ్డున పడ్డాక పిల్ల పళ్ళు టకటకలాడుతూ అడిగింది. "నువ్వే కదమ్మా సాగమన్నావు?"

ఆఖరమ్మ పిల్ల తడి చొక్కా చెయ్యి పట్టుకుని వదలలేదు. ఇంటి దాకా వదలలేదని బావ తరవాత చెప్పాడు.

మళ్ళీ వస్తారని నేననుకోలేదు. ఏరు తగ్గాక ఇద్దరూ వచ్చారు. ముందు తొక్కుతానని పిల్లే పట్టుబట్టిందట. తల్లి రాత్రులు నిద్రపోవడం లేదని కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. చప్టా దగ్గర పిల్ల ఆగింది. మేమంతా ఒక కాలు నేల మీద మోపి, అలవాటుగా వెనక్కి చెవులు పెట్టాం. ఎంతకీ మాట రాలేదు. వెనక నుంచి సైకిలు నడిపించుకుంటూ ఆఖరమ్మే వచ్చింది. అందరినీ దాటుకుని వెళ్ళి కూతురి పక్కన నిలబడింది. చప్టా మీద పాదం మునిగే నీళ్ళు కూడా లేవు. ఆమె ఎగువకు చూస్తోంది.

"వెళ్ళనా అమ్మా?"

"ఉండు."

పిల్ల పెడలు మీద కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"ఇప్పుడు?"

"ఉండవే," అంది ఆఖరమ్మ, ఏటి మీంచి చూపు తిప్పకుండా.