నూకాలు రిపోర్టు

ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంట్లో చెప్పలేదు. సింహాచలం కొండెక్కి దేవుడి ముందు నిలబడ్డా నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

కూర్మన్నపాలెం దగ్గర ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. నగరంలో పాత ఊరి వైపున్న చిన్న ల్యాబు నుంచి పరీక్షల రిపోర్టులు నేరుగా మా సర్వర్‌కి వచ్చేవి. దారిలో ఎవరూ తెరిచి చూడలేని పకడ్బందీ ఏర్పాటు అది. పంపేది రషీదా. ఫైలుకి రోగి పేరు తెలుగులో పెట్టేది. మా సర్వర్‌కి తెలుగు రాదు. ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం ప్రశ్న గుర్తుగా మారిపోయేది. రెండు పేర్లు ఒకే పొడవుంటే రెండు ఫైళ్లూ ఒకటే అనుకుని, వెనకొచ్చిన దానికోసం ముందుదాన్ని చెరిపేసేది. ఒక సెట్టింగు మారిస్తే సరిపోయేది. నాకు తెలుసు. రేపు చూద్దాంలే అనుకున్నాను.

నూకాలు చేపలమ్ముకునే మనిషి. మెడ మీద గడ్డ. ఆమె రిపోర్టు వచ్చిన రోజే రాములు అనే ఆయనది వచ్చి దాన్ని తుడిచేసింది. ఆమె అడగడానికొస్తే, ల్యాబు నుంచి రాలేదు, వస్తే ఫోన్ చేస్తామన్నాను. మళ్లీ పంపమని రషీదాకి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఎందుకు చెప్పలేదు? చెబితే తప్పెక్కడుందో బయటపడుతుందని. అంతకన్నా పెద్ద కారణం ఎంత వెతుక్కున్నా నాకు దొరకలేదు.

నెలలు గడిచాక ఆమెను మోసుకొచ్చారు. క్యాన్సరు గొంతు దాకా పాకింది.

విచారణ అన్నారు. ఆ సాయంత్రమే సెట్టింగు మార్చాను. ఫైళ్లు వచ్చినట్టున్న ఆనవాళ్లు చెరిపేశాను. మర్నాడు రషీదా వచ్చింది.

"నాను పంపాను సార్. ఎల్లినట్టు మా కంప్యూటర్లో సూపిత్తంది. మీకు రాకపోతే ఏటైపోయినట్టు?"

"రాలేదమ్మా."

"పేర్లు పాడైపోతన్నాయని ఫోన్లో సెప్పాను కదా."

"నాకెప్పుడు చెప్పావు?"

ఆమె నా మొహంలోకి చూసింది. వెళ్లిపోయింది. తప్పు ఆమెదేనని తేల్చి ల్యాబు వాళ్లు ఆమెను తీసేశారు. నూకాలు చనిపోయింది. ఆమె భర్త వెళ్లే ముందు, రిపోర్టు కోసం వెతికాననుకుని నాకు దండం పెట్టాడు. నేనూ తిరిగి దండం పెట్టాను.

క్షమించమని ఎవర్నడగను? రషీదా ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. కనుక్కోలేదు, అంతే. రిపోర్టు వచ్చింది. పోగొట్టింది నేను. ఇన్నేళ్లలో ఈ రెండు మాటలూ ఇప్పుడే రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.