చాక్‌పీస్ నిశాన్

లదాఖ్‌ల మా పోస్టుకు చేరిన దినం మధ్యాహ్నం రెండింటికి మైనస్ పదకొండు. ఎత్తు పదిహేను వేల అడుగులు. నాలుగు బంకర్లు, ఒక రేకుల షెడ్డు, రెండు జీపులు. నేను బండ్ల మెకానిక్‌ను. తుపాకీ కంటే పానా పట్టిందే ఎక్కువ.

"ఏ ఊరన్నా?" అని తెలుగుల వినబడ్డది. జీపు డ్రైవర్.

"చాంద్రాయణగుట్ట."

"అరే, నాది జల్‌పల్లి!" అని గట్టిగ అలుముకున్నడు. అంత దూరంల మన మాట వినంగనే పానం లేచొచ్చింది.

పెండ్లై ఏడాది గాలే వానికి. చాయ్ తాగినప్పుడల్ల జల్‌పల్లిల కొన్న ప్లాటు ముచ్చటే. "రెండు రూములు చాలన్నా. ముంగట బండి పెట్టుకునే జాగ ఉండాలె, గంతే."

జనవరిల వాని జీపు షాఫ్ట్ జాయింట్ అరిగింది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసేది షాఫ్ట్. దాని రెండు ముక్కలు పళ్లతోటి ఒకదాంట్ల ఒకటి దూరుతయ్. విప్పేముందు రెండింటి మీద ఉలితోటి నిశాన్ కొట్టాలె, బిగించేటప్పుడు ఆ గీతలు కలవాలె. ఒక్క పన్ను తప్పినా బండి వణుకుతది. పట్నంల నా ఉస్తాద్ నెత్తి మీద కొట్టి నేర్పిన పని ఇది.

ఆ దినం చేతులు కొంకర్లు పోయినయ్. ఉలి పట్టలేక చాక్‌పీస్‌తోటి గీసిన. బద్ధకమనుండ్రి, ఏమన్న అనుండ్రి. కిరసనాయిల్‌తోటి మడ్డి తుడిస్తే గీత కూడ పోయింది. అందాజగ బిగించిన.

తెల్లారి 5:40కి ఆర్డర్. ఒక జవానుకు ఊపిరితిత్తుల్ల నీరు చేరింది, వెంటనే కింద దవాఖానకు దింపాలె. రెండో జీపు గస్తీకి పోయింది. డ్రైవర్ నన్ను ఎక్కించుకొని షెడ్డు ముంగటి రోడ్డు మీద ఒక రౌండు కొట్టిండు.

"అన్నా, నలభై దాటంగనే వణుకుతుంది. గేర్ రాడ్ మీద చెయ్యి పెట్టి చూడు."

వాడు గ్లౌజు తీసి ఉత్త చెయ్యి పెట్టిండు. నా చేతులకు రెండు జతల గ్లౌజులు. గట్లనే పెట్టిన. ఏం తెలువలే.

"రాత్రి చలికి టైర్లు గట్టిపడ్డయ్‌రా. రెండు కిలోమీటర్లు పోతే అదే తగ్గుతది. ఫికర్ చెయ్యకు, నడువు."

6:25కి రేడియోల వాని గొంతు. "అన్నా, ఐదు కిలోమీటర్లు వచ్చిన. తగ్గలే. ఎక్కువైతుంది."

టైర్లయితే తగ్గాలె. తగ్గలేదంటే షాఫ్టే, నా పనే.

"ఆపు! అక్కడనే ఆపురా!"

"దిగుడుల ఉన్ననన్నా. మలుపు దాటి ఆపుత. పేషెంట్ నీలమెక్కిండు."

మళ్ల మాట రాలే.

షాఫ్ట్ విరిగింది. ఇంజను పట్టు పోయి బండి మొత్తం బ్రేకుల మీద పడ్డది. మంచు మీద బ్రేకులు నిలువలే. లోయలకు పోకుండ వాడు బండిని కొండకు కొట్టిచ్చిండు, తను కూసున్న దిక్కుకెళ్లి. వెనక పండుకున్న జవాను బతికిండు. వీడు పోయిండు.

నేనే అక్కడికి పోయి బండి కిందికి దూరి చూసిన. ఒక్క పన్ను తప్పింది. ఎంక్వైరీల ఉన్నదున్నట్టు చెప్పిన. శిక్ష వేసిండ్రు. అది తక్కువే.

సర్వీసు అయిపోయి ఇంటికొచ్చిన మూడో దినం జల్‌పల్లి పోయిన. ప్లాటు ఖాళీగనే ఉన్నది. వాని భార్య పక్క గల్లీల కిరాయి రూముల ఉంటున్నది. చాయ్ ఇచ్చింది. చాక్‌పీస్, గ్లౌజులు, టైర్ల మాట, ఏదీ దాచకుండ చెప్పిన.

అన్ని విని అడిగింది, "బండి వణుకుతుందని మీకు చెప్పిండా?"

"రెండుసార్లు చెప్పిండమ్మా."

నా చేతిలకెళ్లి చాయ్ గిలాస తీసుకొని లోపలికి పోయింది. మళ్ల బయటికి రాలే. నేను లేచొచ్చిన.

ఇప్పుడు చాంద్రాయణగుట్టల నాకు షెడ్డున్నది. గుట్టలెక్కే జీపులు తెస్తరు. "భాయ్, మస్తు వణుకుతుంది, టైర్లదేనేమో" అంటరు. నేను ఉత్త చెయ్యి గేర్ రాడ్ మీద పెట్టి, బండి నడిపియ్యమంట. లొల్లి చేసినా సరే, తెలిసేదాక దిగ.

చెయ్యి పెట్టినప్పుడల్ల వాడే కండ్లల్ల మెదులుతడు. గ్లౌజు తీసేసిన చెయ్యి గేర్ రాడ్ మీద పెట్టుకొని, నేనేం చెప్తనో అని నా ముఖం దిక్కు చూస్తున్నడు.