నోట్లో నిప్పు ఉండగా ఆమేన్ అనలేకపోయాను

సహోదరులారా, ఆ రోజుల్లో మా ఇంట్లో కోడి కంటే ముందు మా ఆయన దగ్గు లేచేది. తొంభైల చివర, పటమటలో అద్దెకుంటున్నప్పటి మాట. మా ఆయన ఏసోబు వన్ టౌన్ గోడౌన్లలో బస్తాలు మోసేవాడు, బస్తాకీ బస్తాకీ మధ్య ఒక బీడీ, అలా మోసి మోసి, కాల్చి కాల్చి, చివరికి బస్తా సంగతి అటుంచి నాలుగు మెట్లెక్కాలన్నా గోడ పట్టుకుని ఊపిరి కోసం వెతుక్కునే స్థితికి వచ్చాడు.

నేనూ అక్కడే పప్పులు చెరిగే పనికి పోయేదాన్ని. నాది అడ్డపొగ. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, చుట్ట ముట్టించి నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పెదాలు మూసి పీల్చడం. మా పుట్టిల్లు శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు, గాలికి ఆరిపోదని అక్కడ మా అమ్మ, మేనత్త అందరూ అలాగే కాల్చేవాళ్లు. చెరిగేటప్పుడు చేతులు రెండూ చేటకే కావాలి, బూడిద పప్పులో రాలకూడదు, గుమస్తా కంట పడకూడదు, కాబట్టి నాకు అదే కుదిరింది.

పైగా గర్వం కూడాను. ఆయన పొగ గుండెల నిండా పీలుస్తాడు, నేను మింగను, నోట్లో తిప్పి వదిలేస్తాను, నాకేమవుతుందిలే అనుకునేదాన్ని. కానీ రాన్రానూ ఆవకాయ తిన్నా కారం తెలిసేది కాదు, కూరలో ఉప్పు ఎంత పడిందో తెలిసేది కాదు. "మీ ఊరి సముద్రం గిన్నెలో పోశావా ఏందే సువార్తా" అని ఆయన ఎకసెక్కాలాడేవాడు. తరవాత అంగిట్లో తెల్లగా మచ్చలు లేచి, గంజి కూడా మండుతుంటే అప్పుడు పెద్దాసుపత్రికి పోయాను.

పళ్ల డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసి, "పొగ మింగకపోతే మాత్రం ఏంటమ్మా, నిప్పు నోట్లోనే పెట్టుకుంటున్నావు కదా. బీడీ మీ ఆయన ఊపిరితిత్తులు తినేసింది. సిగరెట్టు గుండెకు పోయే నాళాల్ని కూడా పాడుచేస్తుంది. నీ చుట్ట నీ అంగిటిని పట్టుకుంది. దారులు వేరు, అంతే" అంది. చిన్న ముక్క తీసి పరీక్ష చేయించింది. ఇంకా క్యాన్సరు కాలేదు, మానకపోతే అవుతుందని చెప్పింది. మానతానని ఆమెకు చెప్పి, బయటికొచ్చి ఆసుపత్రి గోడ పక్కనే ముట్టించాను. వ్యసనమంటే అదేనండీ, బుద్ధి ఒప్పుకుంటుంది, చెయ్యి ఒప్పుకోదు.

ఒక సాయంత్రం అన్నం ముందు ఆయన ప్రార్థన మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన బీడీ మానేశాడు, కానీ పోయిన ఊపిరి తిరిగి రాలేదు. నేను పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను, చుట్ట నోట్లోనే ఉంది. ఆయన మాట మాటకీ ఆగి, గాలి కూడదీసుకుని ఇలా అన్నాడు: "ప్రభువా, నా గాలి ఎట్టాగూ అయిపోవచ్చింది, అది నేను చేసుకున్నదే. దీని నోరు మాత్రం కాపాడయ్యా. ఇది నన్ను తిట్టకపోతే నాకు పొద్దుపోదు."

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆమేన్ అనాల్సింది నేనే. ఆయన కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాడు, నా నోరేమో నిప్పు మీద మూసుకుని ఉంది. ఊపిరి లేని మనిషి ఉన్న కాస్త ఊపిరీ నా నోటి కోసం ఖర్చుపెడితే, ఆ నోటితో ఒక్క మాట అనలేకపోయానే అని నా గుండె పగిలిపోయింది. చుట్ట తీసి పొయ్యిలో పడేసి, ఏడుస్తూ ఆమేన్ అన్నాను.

అంతటితో అయిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. నిద్ర పట్టలేదు, అయినదానికీ కానిదానికీ విసుక్కున్నాను, బుగ్గన సోంపు పెట్టుకుని పప్పులు చెరిగాను, చెయ్యి చుట్ట కోసం వెతికినప్పుడల్లా యేసయ్యా అని పిలిచాను, మళ్లీ ముట్టించనివ్వకుండా ఆ ప్రభువే నన్ను పట్టుకున్నాడు! కొన్ని నెలలకు మచ్చలు పలచబడ్డాయి. ఒకటి అలాగే ఉంది, ఇప్పటికీ డాక్టరమ్మకు చూపించుకుంటూనే ఉన్నాను.

మా ఆయన మాత్రం ఆ తరవాతి వానాకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన కోసం కూడా ప్రార్థించాను కదా అని దేవుడి మీద కొన్నాళ్లు అలిగాను. ఆ అలకను కూడా ఆ దేవుడే ఓర్చుకున్నాడు.

జేబులో బీడీకట్టతో, సిగరెట్టుతో కూర్చున్న తమ్ముళ్లారా, చాటుగా చుట్ట కాల్చే అక్కలారా, మిమ్మల్ని తిట్టడానికి నిలబడలేదు, ఆ యాతన నాకు తెలుసు. ప్రభువును నమ్మి మోకరించండి, లేచి డాక్టరు దగ్గరికీ వెళ్లండి, రెండూ దేవుడిచ్చిన దారులే. దేవునికే మహిమ. మా ఇంట్లో ప్రార్థన చేసే గొంతు ఇప్పుడు ఒక్కటే మిగిలింది. మీ ఇళ్లలో ఇంకా రెండు ఉండగానే మొదలుపెట్టండి.