సగటంటే పడని ఆఖరాయన

సగటు అనే మాట చెవిన పడితే చాలు, ఆయనకి ఒళ్ళు మండిపోయేది. "సగటు సంగతి సరే, ఆఖరివాడి గతేమిటి?" అనేవారు. అందుకే ఆఫీసంతా వెనకాల ఆయన్ని ఆఖరాయన అని పిలుచుకునేది.

ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఇచ్చే వెబ్‌సైటు ఎంత వేగంగా తెరుచుకుంటోందో కొలవడం ఆయన పని. మెళ్ళో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడేది. వందలో తొంభైతొమ్మిది మందికి సెకనులో పేజీ వచ్చిందని అందరూ చంకలు గుద్దుకుంటుంటే, ఈయన ఇరవై సెకన్లు పట్టిన ఆ ఒక్కడి గురించి బెంగపెట్టుకునేవారు.

క్యాంటీన్‌లోనూ అదే గోల. కావాలని వరసలో చివర్న నిలబడి, ఆఖరి కాఫీ ఎన్ని నిమిషాలకి అందుతుందో కొలిచేవారు. ఎవరైనా తన వెనక చేరితే మర్యాదగా ముందుకి పంపేసి మళ్ళీ మొదలెట్టేవారు. ఒక్కోరోజు ఆయన వంతొచ్చేసరికి కాఫీ అయిపోయేది. అదీ రాసుకునేవారు. ఇంట్లో ఆఖర్న తినేది తనేనని భార్య ఒకసారి దెప్పిందట. అప్పట్నుంచి నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ పంతాలకి పోయి, చల్లారిపోయిన కూరలే తినేవారట.

అలాంటి ఆఫీసులో కొత్తమ్మాయి చేరింది. మూడో నెలలో మేనేజరు అందరి పనీ లెక్కగట్టాడు. ఒక్కో ఫిర్యాదు సరిచేయడానికి మిగతావాళ్ళకి సగటున రెండ్రోజులు, ఈ అమ్మాయికి ఆరు. శుక్రవారం ఆఖరి రోజనుకోమని మెత్తగానే చెప్పాడు. ఆ అమ్మాయికి ఇదే మొదటి ఉద్యోగం, అమ్మకి ఏమని చెప్పాలో తోచలేదు.

ఆఖరాయన వచ్చి పక్కన కూర్చుంటే ఓదారుస్తారేమో అనుకుంది. ఆయన స్టాప్‌వాచ్ నొక్కి, "నేనిక్కడ లేననుకుని నీ పని చేసుకో" అన్నారు. చెవి దగ్గర టిక్కు టిక్కుమంటుంటే లేరనుకోవడం ఎలా? రెండ్రోజులు అక్కణ్ణించి కదల్లేదు మహానుభావుడు, పాత ఫిర్యాదుల తేదీలు కూడా తిరగేశారు.

శుక్రవారం మేనేజరు ముందు కాగితం పరిచారు. ఎవరికీ కొరుకుడుపడని ఫిర్యాదులన్నీ అందరూ కలిసి ఈ అమ్మాయి మీదకే తోసేస్తున్నారు. ఒక్కోటి ఐదు రోజులు వంతుకోసం పడి ఉంటోంది. చేతిలోకి తీసుకున్నాక పట్టేది ఒక్కరోజే.

"నెమ్మది ఈ అమ్మాయిది కాదండీ, తన ముందు పేరుకున్న వరసది. మన వెబ్‌సైటు నడిపే సర్వరు ఇలా చేస్తే పీకి పారేస్తామా, బరువు పంచుతామా?"

మేనేజరు కాగితాన్ని రెండుసార్లు చదివి, "పంచుతాం లెండి" అన్నాడు.

థాంక్స్ చెబుదామని ఆ అమ్మాయి క్యాంటీన్‌కి పరిగెత్తి, వరసలో ఆయన వెనక నిలబడింది. "నా లెక్క చెడగొట్టకు, ముందుకెళ్ళు" అని కసిరారు. ఆ రోజు ఆఖరి కప్పు ఆ అమ్మాయికే దక్కింది. ఇన్నాళ్ళూ ఆయన వెనక చేరిన వాళ్ళలో ఒక్కరూ కాఫీ లేకుండా వెళ్ళలేదని ఆ అమ్మాయికి అప్పుడుగానీ తట్టలేదు.

ఆయన రిటైరై ఏళ్ళయింది. ఇప్పుడా మేనేజరు కుర్చీ అప్పటి కొత్తమ్మాయిదే. రోజూ వరసలో చివర్నే నిలబడుతుంది. కాఫీ అయిపోయిన రోజున మాత్రం ఖాళీ కప్పుతో నవ్వుకుంటూ వెనక్కొస్తుంది.