రివ్యూ జరుగుతుంటే ల్యాబులో ఉడికిన ఫ్లాస్కు

2023. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్తే వచ్చే ఒక కాలేజీలో పీహెచ్‌డీ విద్యార్థుల రివ్యూ. బొల్లారం మందుల కంపెనీల్లో ఏళ్ల తరబడి రియాక్టర్ల మధ్య తిరిగినవాణ్ణని నన్ను డాక్టోరల్ కమిటీలో, అంటే పరిశోధన ఎంతవరకు వచ్చిందో ఆరు నెలలకోసారి అడిగే బృందంలో, బయటి సభ్యుడిగా వేసుకున్నారు.

ఆ రివ్యూలు చూస్తే నాకు పెళ్లిచూపులే గుర్తొస్తాయి. సమోసా, కాజూ విద్యార్థే తెప్పించాలి. గైడు పక్కనే కూర్చుంటాడు. ఆయన ఎదురుగానే కమిటీ వాళ్లు "ఏమన్నా ఇబ్బందా?" అని అడుగుతారు. "లేదు సార్" అంటారు పిల్లలు. ఇంకేమంటారు పాపం! కమిటీ సంతకాలు పెట్టి సమోసా తింటుంది.

ఆ రోజు మౌనిక వంతు. సదాశివపేట వైపు రైతుల ఇంటి పిల్ల. ప్లేట్లు సర్దుతూ మాటిమాటికీ గోడ గడియారం చూస్తోంది. గైడు విసుక్కున్నాడు.

"ఏడాది సంది ఒక్క రిజల్ట్ లేదు. ఈసారి కూడ రాకపోతే రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చెయ్యమని నేనే రాస్త."

ఆ పిల్ల మొహం వైపు చూశాను. రియాక్టర్లో వేడి మీటరు ఎక్కుతున్న సంగతి దాచిపెట్టిన ఆపరేటర్ల మొహాలు నాకు తెలుసు. "సార్, మీరు జెర బయట చాయ్ తాగి రాండ్రి" అన్నాను గైడుతో. కమిటీలో అలా ఎవరూ అనరు. ఆయన నన్ను మింగేసేలా చూసి లేచాడు.

తలుపు పడగానే అడిగాను. "ఏంది బిడ్డా, దేనికి భయపడుతున్నవ్?"

"సార్... ల్యాబుల రియాక్షన్ పెట్టొచ్చిన. ఎన్నిసార్లు చేసినా అయితలేదు. రివ్యూ అయ్యేలోపు రిజల్ట్ చూపెట్టాలన్నరు. గందుకే హీటు పెంచిన."

"ఆడ ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు సార్. అందరు ఈడనే ఉన్నరు."

మేం ఎక్సోథర్మ్ అంటాం, రియాక్షన్ తన వేడిని తానే పెంచుకుంటూ పోవడాన్ని. అదుపు తప్పిందంటే స్విచ్ ఆపినా వినదు. పరుగెత్తాం. గుమ్మంలోంచే కనిపించింది, ఫ్లాస్కులో ద్రవం నల్లబడి కుతకుతలాడుతోంది. దించేద్దామని మౌనిక లోపలికి ఉరకబోయింది. జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను. వరండాలో కరెంటు మెయిన్ ఆపి అందరినీ మెట్ల వైపు తోశాను. ఢామ్మని పేలింది.

పొగ తగ్గాక చూస్తే మౌనిక రోజూ కూర్చునే స్టూలు మీదంతా గాజు పెంకులు. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన గైడు ఆ స్టూలు చూసి గోడకు ఆనుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"రిజల్ట్ వచ్చిందా అనే అడిగిండ్రు సార్ ఎప్పుడు. ఏం అయితలేదో అడగలే."

ఆమె రిజిస్ట్రేషన్ పోలేదు. అప్పటినుంచి నేను కూర్చున్న ప్రతి కమిటీలో మొదటి ప్రశ్న "ఏది చెడింది?" అనే. ఆ కాసేపు గైడు గదిలో ఉండకూడదు. రివ్యూ అన్నాక ఎవరో ఒకరికి భయం తప్పదు, అదేదో ఫ్లాస్కు ముందు నిలబడని గైడ్లకు ఉంటేనే మేలని నాకు తెలిసొచ్చింది.

మౌనిక తర్వాతి రివ్యూలో నేను నోరు తెరవకముందే గైడు లేచాడు. "అన్నీ చెప్పమ్మా, నా మీద ఉన్నా చెప్పు" అని తలుపు దగ్గరికేసుకుని వెళ్లాడు. చెడిపోయిన రియాక్షన్లన్నీ మౌనిక ఒక్కొక్కటే వివరిస్తుంటే, వరండాలో ఆయన అటూ ఇటూ తిరుగుతున్న చెప్పుల చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది.