పూల్‌సింగ్ వేసిన అడ్డ రాడ్డు

ఎవరి కంటా పడని తప్పును మనిషి నలుగురిలో తానే ఎందుకు బయటపెట్టుకుంటాడు? పూల్‌సింగ్ గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకుంటాను.

అతనిది పాలకుర్తి దగ్గరి తండా. జనగామ బస్సు డిపోలో మెకానిక్. అంతకుముందు కొన్నేళ్లు హైదరాబాదులో ఏసీ బస్సుల పని చేశాడు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాక రోజూ సమ్మె శిబిరానికి వచ్చి టెంటు గుంజకు ఆనుకుని కూర్చునేవాడు. నేనక్కడ పొద్దున పేపరు చదివి వినిపించేవాణ్ణి. అతను వినేవాడు. మా పరిచయం అంతే.

రఘునాథ్ భూములున్న మనిషి, కాస్త రాజకీయం కూడా ఉంది. తన పాత లారీని వేదికగా మార్చి ఆటపాటల బృందాన్ని ఊరూరా తిప్పుతున్నాడు. అయితే గుంత వచ్చిందంటే మైకులు ఎగిరిపడేవి. నడిచే బండి మీద నిలబడి పాడడం ఎవరివల్లా కాలేదు.

"ఏసీ బస్సు లెక్క మెత్తగ నడవాలె పూల్‌సింగూ. అయితదా?" అని అడిగాడు రఘునాథ్.

"అయితదన్నా."

అయింది కూడా. వెనక ఇనుప పట్టీల కమాన్ కట్టలు విప్పేసి, తుక్కుబస్సు నుంచి తెచ్చిన గాలి బెల్లోలు, అంటే గాలి నింపే రబ్బరు తిత్తులు పెట్టాడు. ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా రెండు పొడుగు ఇనుప చేతులు బిగించాడు. గాలి వదిలితే లారీ వెనక భాగం నెమ్మదిగా కిందికి దిగేది, ముసలివాళ్లు కూడా సులువుగా ఎక్కేవారు. అది చూడ్డానికే జనం మూగేవారు. నలభై వడ్ల బస్తాలు వేసుకుని పాలకుర్తి దాకా పోయి వచ్చాడు. బండి నీళ్ల మీద పోయినట్టు పోయింది. మా వైపు బండి సత్తా బస్తాలతోనే తేలుస్తారు. అతని చోట ఎవరున్నా అలాగే చూసేవారు.

తర్వాత బృందంతో రెండు ఊళ్లు తిరిగి వచ్చారు. వెనక భాగం ఊగుతోందని డ్రైవర్ ఆగయ్య అన్నాడు. మర్నాడు శిబిరంలో రఘునాథ్ మైకు పట్టుకుని, మన రోడ్లను ఎట్లా పాడుబెట్టారో చూడండని అదే ఊగుడును ఉదాహరణగా చెబుతున్నాడు. అప్పటిదాకా లారీ కింద ఉన్న పూల్‌సింగ్ లేచి వచ్చాడు. వేళ్లకు నల్లటి రబ్బరు పొడి.

"రోడ్డుది కాదన్నా. తప్పు నాది."

రఘునాథ్ మైకు పక్కకు జరిపాడు. "ఏందిరా? మెల్లగ చెప్పు."

అతను మెల్లగా చెప్పలేదు. కమాన్ కట్ట రెండు పనులు చేస్తుంది: బరువు మోస్తుంది, ఇరుసును పక్కకు జరగనీయదు. గాలి బెల్లో మోయడం వరకే. రెండో పని సంగతి తను మరిచాడు. వెనక టైరు పక్కకు జరిగి లోపలి ఇనుమును రాసుకుంటోంది. ఇంకా రాసుకుంటే టైరు పగులుతుంది.

"మరి బస్తాలేస్తె మంచిగనే నడిచింది గద?" అన్నాడు ఆగయ్య.

మంగ్లీ నవ్వింది. బృందంలో ఆడే పిల్ల, పూల్‌సింగ్ అన్న కూతురు. "బస్తాలు ఎగురతయా? మేం ఇరవై మందిమి, ఒక్కటే దిక్కు అడుగేస్తం."

శిబిరమంతా నవ్వింది. "డిపోల బస్సులు గూడ గిట్లనే చేసినవానే?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పూల్‌సింగ్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎల్లుండి భూపాలపల్లి సభ," అన్నాడు రఘునాథ్. "మన బండి వస్తదని పోస్టర్లు పడ్డయి. జర మెల్లగ తోలుకపోతం తియ్."

"ఇరుసు పక్కకు జరగకుండ అడ్డ రాడ్డు పడనిది బండి కదలదు."

"బండి నాదిరా."

"ఎక్కేటోళ్లు మావోళ్లు గూడ ఉన్నరన్నా."

తాళంచెవి అప్పటికే పూల్‌సింగ్ జేబులో ఉంది. రఘునాథ్ అడగలేదు.

ఆ పగలంతా నేను అక్కడే కూర్చుని చూశాను. తుక్కులారీ స్టీరింగు రాడ్డు ఒకటి తెచ్చాడు. ఒక కొస చాసీకి, రెండో కొస ఇరుసుకు. మధ్యలో దారం కట్టి, ఇంకో దారానికి గుండు వేలాడదీసి, రాడ్డు అడ్డంగా సమంగా ఉందా అని పదిసార్లు చూశాడు. ఏటవాలుగా ఉంటే బండి లేచి దిగినప్పుడల్లా ఇరుసును రాడ్డే పక్కకు లాగుతుందట. అందుకే దొరికినంత పొడుగుది వేశాడు. వెల్డింగు చల్లారాక, టైరు రాసుకున్న చోట లోపలి ఇనుముకు సుద్దముక్కతో తెల్లగా పూశాడు, మళ్లీ రాసుకుంటే సుద్ద చెరిగి తెలిసిపోతుందని. తర్వాత లారీ కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు.

"ఎక్కుండ్రి. ఆడుండ్రి."

"కాకా, నువ్వు బయటికి రా ముందు!"

"నేను చూడాలె గద. తొక్కు."

గజ్జెలతో ఇరవై మందీ ఎక్కారు. మొదట భయంభయంగా, తర్వాత డప్పు అందుకోగానే అలవాటుగా ఆడారు. లారీ ఊగింది. నేను వంగి చూస్తే అతని కళ్లు రెప్ప వేయకుండా టైరు మీదే ఉన్నాయి. పాట అయ్యాక బయటికి వచ్చి, "నిలబడ్డ బండి మీద ఇరుసు ఆగింది. నడిచే బండి మీద చూడాలె," అన్నాడు.

సభ రోజు అతనూ ఎక్కాడు, ఆగయ్య పక్కన. పేపర్ల కట్టతో నేనూ. దారిలో ఎక్కడ ఆగినా దిగి కిందికి వంగేవాడు. భూపాలపల్లికి ఇవతల చిట్యాలలో జనం ఎదురొచ్చి బండి ఆపారు. నడిపిస్తూనే పావుగంట ఆట సాగింది, అంత గట్టి ఆట నేను మళ్లీ చూడలేదు. తర్వాత గాలి వదిలారు. వెనక భాగం దిగింది. ఈదమ్మ అనే ముసలామె వేదిక ఎక్కి రఘునాథ్ మెడలో దండ వేసింది. "మా బండి తిరుగులేని బండి!" అన్నాడతను మైకులో.

అందరూ అటే చూస్తున్నారు. పూల్‌సింగ్ లారీ కింద నుంచి పాకుతూ వచ్చాడు. బొటనవేలు చూసుకున్నాడు, సుద్ద అంటి తెల్లగా ఉంది. లుంగీకి తుడుచుకున్నాడు.

నేను చాయ్ తాగి వచ్చేసరికి అతను లేడు. సీటు మీద అతని పనిముట్ల సంచీ కూడా లేదు.

"మీ కాకా ఏడీ?" అని మంగ్లీని అడిగాను.

"పరకాల ఆటో ఎక్కిండు."

"చెప్పి పోయిండా?"

ఆమె గజ్జెలు బిగించుకుంటూ తల అడ్డంగా ఊపింది. ఆగయ్య కోసం తాళంచెవి బండికే ఉంది. నేను వంగి లోపలికి చూశాను. సుద్ద పూత ఎక్కడా టైరు రాసి చెరగలేదు, దాని మీద బొటనవేలు గుర్తు ఒక్కటే ఉంది. దూరంగా ఆటో మూలమలుపు తిరుగుతోంది.